నీటి అంచుపై నగరానికి హక్కు – న్యూయార్క్ జెట్టీల యాజమాన్యం, నియంత్రణ

సమాచార, పౌర సంబంధాల శాఖ – ప్రత్యేక వ్యాసం
(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం)

నదీ తీరాల అభివృద్ధి, బోటు విహారం, సముద్ర తీర పర్యాటకం వంటి అంశాలు చర్చకు వచ్చినప్పుడల్లా విలేకరుల సమావేశాలలో తప్పక వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది: "ఈ జెట్టీ ఎవరిది?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం ఎంత కష్టమో సంబంధిత అధికారులకు తెలిసినదే. జెట్టీ నిలిచిన నేల ఒకరిది, కట్టడం మరొకరిది, దానిని వాడుకొనే హక్కు ఇంకొకరిది కావచ్చు. కట్టుకొనుటకు అనుమతి ఇచ్చే అధికారం, కట్టిన పిదప పరీక్షించవలసిన బాధ్యత వేర్వేరు కార్యాలయాలలో ఉండవచ్చు. ప్రమాదం సంభవించిన నాడు మాత్రమే ఈ తేడాలన్నీ ఒక్కసారిగా పత్రికలకెక్కుతాయి.

తన తీరంలోని జెట్టీలను మూడు శతాబ్దాలకు పైగా స్వంతం చేసుకొని, వాటిని కట్టించి, కౌలుకిచ్చి, కొన్నింటిని పోగొట్టుకొని, మరికొన్నింటిని ఉద్యానవనాలుగా మార్చిన నగరం న్యూయార్క్. యాజమాన్యం ఉన్నంత మాత్రాన నియంత్రణ దానంతట అదే రాదని ఆ నగర చరిత్ర పలుమార్లు చూపింది. ఆ వివరాలను ఈ వ్యాసంలో క్రోడీకరించడమైనది. నీటిలోనికి చొచ్చుకొనిపోయి, నౌకలు ఇరువైపులా ఆగుటకు వీలు కల్పించే కట్టడాన్ని ఇందులో జెట్టీ అని వ్యవహరించడం జరిగింది.

సనదుల ద్వారా సంక్రమించిన హక్కు

న్యూయార్క్ నగరానికి తీరంపై హక్కు బ్రిటిషు వలస పాలన కాలంలో లభించింది. గవర్నర్ థామస్ డోంగన్ 1686లో జారీ చేసిన సనదు మన్‌హటన్ ద్వీపం చుట్టూ పాటు నీటి అంచు వరకు, అంటే సముద్రపు పాటు సమయంలో నీరు వెనుకకు తగ్గే గీత వరకు, ఎవరికీ పట్టా కాని భూమిని నగర కార్పొరేషనుకు ధారాదత్తం చేసింది. గవర్నర్ మాంట్‌గోమెరీ పేరిట వచ్చిన 1730 నాటి సనదు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ద్వీపపు దక్షిణ భాగంలో హడ్సన్, ఈస్ట్ నదుల వెంబడి నిర్ణీత హద్దుల నడుమ ఆ గీత నుండి 400 అడుగుల దూరం వరకు నీటి అడుగున ఉన్న నేలను కూడా నగరానికే ఇచ్చింది.

నీటి కింది నేలను నగరం ఏమి చేసుకొన్నది? ముక్కలుగా విభజించి ప్రైవేటు వ్యక్తులకు ఇచ్చింది. వీటిని నాడు నీటి ప్లాట్లు అని పిలిచేవారు. ప్లాటు పొందిన వర్తకుడు తన ఖర్చుతో నీటిని పూడ్చి, నదికి ఎదురుగా వీధిని, రేవు కట్టను నిర్మించవలసి ఉండేది. ఖజానాపై భారం పడకుండా నగరం పెరిగే ఈ ఏర్పాటు ఆ రోజులలో మిక్కిలి లాభసాటిగా కనిపించింది. ఈనాడు మన్‌హటన్ దక్షిణ కొసన కనిపించే వీధులలో పెక్కు ఒకప్పుడు నీరే.

అయితే ఈ పద్ధతి వలన తీరం ముక్కచెక్కలైంది. ఎవరికి వారు తమకు తోచిన పొడవున, తమకు తోచిన సామగ్రితో కొయ్య జెట్టీలు కట్టుకొన్నారు. పూడిక తీయవలసిన బాధ్యత ఎవరిదో తేలేది కాదు. మురుగు కాలువలు జెట్టీల నడుమనే నదిలో కలిసేవి. 19వ శతాబ్దం మధ్య నాటికి అమెరికా విదేశీ వాణిజ్యంలో అగ్రస్థానం వహించిన ఈ ఓడరేవులోని జెట్టీలు శిథిలావస్థకు చేరుకొన్నాయి. హక్కు పత్రం నగరం వద్దనే ఉన్నది. పాలన మాత్రం లేదు.

1870: ఒకే విభాగం, ఒకే ప్రణాళిక

1870లో వచ్చిన నూతన నగర చార్టర్ డాక్స్ విభాగాన్ని ఏర్పాటు చేసింది. దీనికి తొలి ప్రధాన ఇంజనీరు అంతర్యుద్ధ కాలపు సేనాని జనరల్ జార్జ్ బి. మెక్‌క్లెలన్. విభాగం మొదట బహిరంగ విచారణలు జరిపి పౌరుల నుండి, ఇంజనీర్ల నుండి ప్రతిపాదనలు స్వీకరించింది. 1871లో ఆమోదం పొందిన ప్రణాళిక సారాంశం ఇది: ద్వీపం చుట్టూ రాతి కట్టడంతో ఒక అవిచ్ఛిన్నమైన ఒడ్డు గోడ, గోడను ఆనుకొని హడ్సన్ వైపు 250 అడుగుల వెడల్పు గల వీధి, ఆ గోడ నుండి క్రమమైన దూరాలలో నదిలోనికి జెట్టీలు.

ఈ పని ఆరు దశాబ్దాల పాటు సాగింది. గత కాలంలో ఇచ్చివేసిన హక్కులను నగరం పరిహారం చెల్లించి తిరిగి కొనవలసి వచ్చింది. అంగీకరించని చోట న్యాయస్థానాల ద్వారా స్వాధీనం చేసుకొన్నది. ఇందుకై బాండ్లు జారీ చేసి, జెట్టీల అద్దెలతో వాటిని తీర్చే విధానం అవలంబించింది. ఒకప్పుడు స్వల్ప రుసుముకు ఇచ్చిన దానిని మార్కెట్ ధరకు వెనుకకు తీసుకోవడం ఎంతటి భారమో భూసేకరణ వ్యవహారాలు చూసే మన అధికారులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ విభాగం చేసిన పనులలో పెద్దగా ప్రచారం పొందనిది ఒకటి పేర్కొనదగినది. ఇరుకు ఇళ్లలో జీవించే కార్మిక కుటుంబాలకు నది గాలి సైతం అందని రోజులవి. తీరమంతా సరకుల గోదాములతో నిండిపోయింది. 1897లో ఈస్ట్ నదిపై మూడవ వీధి చివర రెండంతస్తుల జెట్టీని నగరం ప్రారంభించింది. కింది అంతస్తులో సరకు రవాణా యథాతథంగా సాగుతుండగా, పై అంతస్తు ప్రజల విహారానికి ఉచితంగా కేటాయించబడింది. ఇటువంటివి తరువాత మరికొన్ని వెలిశాయి. ఆదాయం, ప్రజా సౌకర్యం రెండూ ఒకే కట్టడంపై ఇమడగలవని ఈ ప్రయోగం నిరూపించింది.

నగరం యజమానియే అయినప్పటికీ నది దాని ఇష్టానుసారం వాడుకొనుటకు వీలు లేదు. జెట్టీ నదిలోనికి ఎంత దూరం పోవచ్చుననే గీతను నిర్ణయించే అధికారం ఫెడరల్ ప్రభుత్వ యుద్ధ శాఖది. 1899 నాటి నదులు, ఓడరేవుల చట్టం దీనిని స్థిరపరచింది. 20వ శతాబ్దపు ఆరంభంలో భారీ ప్రయాణికుల నౌకలు రాసాగినప్పుడు నగరం జెట్టీలను పొడిగించదలచింది. యుద్ధ శాఖ గీతను ముందుకు జరుపుటకు అంగీకరించలేదు. చేయునది లేక నగరం వెనుకకు తిరిగింది: పూర్వం పూడ్చిన నేలనే కొని, తవ్వి, మళ్లీ నీరు చేసింది. పదమూడవ అవెన్యూ అనే వీధిలో చాలా భాగం ఆ విధంగా మాయమైంది. 1910లో ప్రారంభమైన చెల్సీ జెట్టీలు ఈ పని ఫలితమే. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ చేరవలసి ఉన్నది వీటిలోని 59వ జెట్టీకి. ప్రాణాలతో బయటపడినవారిని కార్పేథియా నౌక ఏప్రిల్ 18 రాత్రి 54వ జెట్టీలో దించింది.

అమ్మరాదు, అద్దెకివ్వవచ్చు

న్యూయార్క్ నగర చార్టరులోని 383వ సెక్షను ఈ విషయంలో కీలకమైనది. తీరం, రేవు ఆస్తులు, పడవ దాటుళ్లు, నీటి అడుగున ఉన్న నేల తదితరాలపై నగరానికి గల హక్కులు అన్యాక్రాంతం చేయరానివని అది ప్రకటిస్తున్నది. చట్టం అనుమతించిన మినహాయింపులు తప్ప విక్రయానికి తావు లేదు, కౌలుకు ఇవ్వవచ్చు. నీటి ప్లాట్ల అనుభవం తరువాత నగరం నేర్చుకొన్న జాగ్రత్తగా దీనిని భావించవచ్చు.

కాని కౌలుకు ఇచ్చే యజమాని అద్దె మారినప్పుడు, వ్యాపారం మారినప్పుడు ఏమి చేయాలన్నది వేరే ప్రశ్న. 1940ల చివరిలో నగర జెట్టీలను తాము తీసుకొని ఆధునికీకరిస్తామని న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల ఉమ్మడి సంస్థ పోర్ట్ అథారిటీ ప్రతిపాదించింది. నగరం తిరస్కరించింది. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే నౌక 58 సరకు పెట్టెలతో నదికి ఆవలనున్న న్యూఆర్క్ నుండి హ్యూస్టన్‌కు బయలుదేరింది. కంటెయినర్ యుగానికి అది నాంది. కంటెయినర్లకు కావలసినది పొడవైన జెట్టీ కాదు, ఒడ్డున విశాలమైన మైదానం. మన్‌హటన్‌లో అది లేదు; న్యూజెర్సీలో ఉన్నది. 1962లో ఎలిజబెత్ టెర్మినల్ ప్రారంభమైన పిదప రెండు దశాబ్దాలలో మన్‌హటన్ జెట్టీలు దాదాపు ఖాళీ అయ్యాయి. నగర పాలకులు మెలకువగా ఉన్నట్లయితే ఇది తప్పేదని కొందరు అంటారు. మన్‌హటన్ భౌగోళిక స్థితిని చూస్తే ఆ వాదన నిలవదు. అయితే అప్పటికే కాలం చెల్లిన పద్ధతిలో కొత్త జెట్టీలపై నగరం పెట్టిన పెట్టుబడిని సమర్థించడం కష్టం. హాలండ్ అమెరికా లైన్ కోసం కట్టించిన 40వ జెట్టీ 1962లో, అంటే ఎలిజబెత్ టెర్మినల్ తెరిచిన ఏడాదిలోనే, పూర్తి అయింది.

డాక్స్ విభాగం 1942లో విమానాశ్రయాలను కూడా కలుపుకొని మెరైన్ అండ్ ఏవియేషన్ విభాగంగా మారింది. ఆ తరువాత మరికొన్ని పేర్లు మార్చుకొని 1990ల ఆరంభంలో కనుమరుగైంది.

శుభ్రపడిన నది, తొలిచే పురుగు

అద్దె రాని జెట్టీకి మరమ్మతు ఖర్చు ఆగదు. న్యూయార్క్ అనుభవంలో ఇందుకు ఊహించని కారణం ఒకటి తోడైంది. దశాబ్దాల పాటు మురుగుతో నిండిన ఆ రేవు నీటిలో కొయ్యను తొలిచే సముద్ర జీవులు బ్రతకలేకపోయాయి. జెట్టీలను మోసే వేలాది కొయ్య స్తంభాలను ఒక విధంగా కాలుష్యమే కాపాడింది. 1972 నాటి స్వచ్ఛ జల చట్టం ఫలితంగా నీరు శుభ్రపడగానే ఆ జీవులు తిరిగి వచ్చి స్తంభాలను గుల్ల చేయసాగాయి. బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కు జెట్టీల కింద 12,000కు పైగా కొయ్య స్తంభాలు ఉన్నాయి. పై నుండి చూసేవారికి పచ్చిక, ఆట స్థలాలు కనిపిస్తాయి. పార్కు ఆదాయంలో గణనీయమైన భాగం కింద స్తంభాలకు కవచాలు తొడిగించడానికే వెచ్చించవలసి వస్తున్నది.

ఉక్కు స్తంభాలకు సైతం ఉప్పునీటి బెడద తప్పలేదు. సుమారు 3,500 ఉక్కు స్తంభాలపై నిలిచిన 40వ జెట్టీ మరమ్మతుకు నిధులు సమకూర్చుటకు 2016 డిసెంబరులో నగర మండలి ఒక ఏర్పాటును ఆమోదించింది. జెట్టీపై కట్టగలిగియుండి కట్టని 2,00,000 చదరపు అడుగుల నిర్మాణ హక్కును ఎదురుగా ఉన్న స్థలపు అభివృద్ధిదారుకు బదిలీ చేసి 10 కోట్ల డాలర్లు పొందడమైనది. నీటిపై ఎత్తయిన కట్టడాలు రాకుండా, దాని విలువ మాత్రం మరమ్మతుకు చేరింది. 2019లో 92వ జెట్టీకి నిర్మాణ లోపం ఉన్నట్లు తనిఖీలో తేలింది. అంతర్జాతీయ కళా ప్రదర్శన ఒకటి కొద్ది వారాలలో అక్కడ మొదలు కావలసి ఉండగా, ఆ జెట్టీలోని ప్రదర్శకులను వేరే చోటికి తరలించారు. ఇబ్బంది కలిగిన మాట వాస్తవం. అయినా తనిఖీ చేసే పని ఇదే.

ఉద్యానవనంగా మారిన తీరం

1998లో రాష్ట్ర శాసనసభ చేసిన హడ్సన్ రివర్ పార్కు చట్టం మన్‌హటన్ పశ్చిమ తీరాన్ని దక్షిణ భాగం నుండి 59వ వీధి వరకు ఒక ట్రస్టు పాలనలో ఉంచింది. మొత్తం 550 ఎకరాలలో సుమారు 400 ఎకరాలు నీరే. 13 మంది సభ్యుల పాలక మండలిలో గవర్నరు అయిదుగురిని, మేయరు అయిదుగురిని, మన్‌హటన్ బరో అధ్యక్షుడు ముగ్గురిని నియమిస్తారు. నివాస గృహాలు, హోటళ్లు, జూదపు నౌకలు నిషిద్ధం. నిర్దేశించిన కొన్ని జెట్టీలపై మాత్రం వ్యాపారాన్ని అనుమతించి, ఆ ఆదాయంతో మిగిలిన వాటిని నిర్వహించాలన్నది చట్టం ఉద్దేశం.

ఈ ఏర్పాటులోనూ వివాదాలు లేకపోలేదు. 55వ జెట్టీ స్థానంలో దాత ధనంతో తలపెట్టిన కృత్రిమ ద్వీపంపై పౌర సంఘం ఒకటి కోర్టుకు వెళ్లింది. 2017 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి సైనిక ఇంజనీరింగ్ దళం ఇచ్చిన అనుమతిని రద్దు చేశారు. సెప్టెంబరులో దాత వైదొలిగారు. అక్టోబరులో మిగిలిన పార్కును పూర్తి చేస్తామని గవర్నరు హామీ ఇవ్వగా వివాదం సమసింది. 132 కాంక్రీటు స్తంభాలపై నిలిచిన లిటిల్ ఐలాండ్ 2021 మేలో ప్రజలకు తెరుచుకొన్నది. దాత ఎంత ఉదారుడైనా నీరు ప్రజలది కనుక అనుమతి ప్రక్రియను దాటిపోలేడని ఈ ఉదంతం తెలుపుతున్నది.

2003 అక్టోబరు 15

స్టేటెన్ ఐలాండ్ పడవ సర్వీసును నగరం 1905 అక్టోబరులో ప్రైవేటు సంస్థ నుండి స్వాధీనం చేసుకొన్నది. 1997 నుండి ప్రయాణం ఉచితం. పడవలు నగరానివి, జెట్టీలు నగరానివి, సిబ్బంది నగరం వారు, నడిపే నిబంధనలు రాసుకొన్నదీ నగరమే. యాజమాన్యం, నిర్వహణ ఒకే చోట ఉండడం వలన సమన్వయం సులభమని భావించేవారు ఈ దుర్ఘటనను గమనించవలసి ఉన్నది.

2003 అక్టోబరు 15 మధ్యాహ్నం ఆండ్రూ జె. బార్బెరీ అనే పడవ సెయింట్ జార్జ్ టెర్మినల్ సమీపంలోని కాంక్రీటు మరమ్మతు జెట్టీని పూర్తి వేగంతో ఢీకొన్నది. పదకొండు మంది మరణించారు. పలువురు అవయవాలు కోల్పోయారు. పడవ నడుపుతున్న సహాయ కెప్టెన్ ఆ సమయంలో స్పృహలో లేనట్లు దర్యాప్తులో వెల్లడైంది. రేవుకు చేరేటప్పుడు కెప్టెన్, సహాయ కెప్టెన్ ఇరువురూ చుక్కాని గదిలో ఉండాలన్న నిబంధన నగర రవాణా విభాగం వద్ద ఉన్నది. అది అమలులో లేదు. కెప్టెన్ ఆ గదిలో లేరు. నిబంధనను సిబ్బందికి తెలియజేసి అమలు చేయించవలసిన ఉన్నతాధికారి కూడా న్యాయస్థానంలో నేరం అంగీకరించారు.

ఆ తరువాత జరిగినది కూడా తెలుసుకోదగినది. నౌక యజమాని బాధ్యతను నౌక విలువకు పరిమితం చేసే 1851 నాటి చట్టాన్ని ఆశ్రయించి, మొత్తం పరిహారం 1.44 కోట్ల డాలర్లకు మించరాదని నగరం వాదించింది. 2007లో ఫెడరల్ న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. ఇద్దరు పైలట్ల నిబంధనను అమలు చేయకపోవడం యజమాని స్థాయిలోని నిర్లక్ష్యమని, కేవలం సిబ్బంది పొరపాటు కాదని తేల్చింది. 2008లో అప్పీలు న్యాయస్థానం దీనిని ధ్రువీకరించింది. కాగితంపై నిబంధన ఉండడం నగరానికి రక్షణ కాలేదు; పైగా అదే సాక్ష్యమైంది.

నేటి అధికారాల పంపిణీ

నగరానికి సుమారు 520 మైళ్ల తీరం ఉన్నది. నగర ఆస్తులుగా ఉన్న క్రూయిజ్ టెర్మినళ్లు, సరకు జెట్టీలు మొదలైన వాటిని నగరంతో ఒప్పందం గల లాభాపేక్ష రహిత సంస్థ, ఆర్థికాభివృద్ధి కార్పొరేషను నిర్వహిస్తున్నది. తీరంలోని కట్టడాలకు అనుమతులు సాధారణ భవన నిర్మాణ విభాగం కాక, చిన్న వ్యాపారాల సేవల విభాగం ఇస్తుంది. పేరు చూసి ఇది పొరపాటని విలేకరులు భావించరాదు. రద్దయిన పాత విభాగం బాధ్యతలు అక్కడికి చేరాయి. నీటిలో పని చేయుటకు సైనిక ఇంజనీరింగ్ దళం, రాష్ట్ర పర్యావరణ శాఖల అనుమతి అదనం. ప్రైవేటు స్థలంలో తీరాన భవనం కట్టేవారు ప్రజలు నడిచేందుకు ఒడ్డున దారి వదలాలని 1993 నాటి జోనింగ్ నియమాలు నిర్దేశిస్తున్నాయి. 2024 మేలో బ్రూక్లిన్ మెరైన్ టెర్మినల్‌కు చెందిన 122 ఎకరాలను నగరం పోర్ట్ అథారిటీ నుండి తిరిగి తీసుకొని, బదులుగా స్టేటెన్ ఐలాండ్‌లోని హౌలాండ్ హుక్ టెర్మినల్‌ను వదులుకొన్నది.

మన చట్టంతో సంబంధం

జెట్టీలు, నీటి అడుగు నేల ప్రభుత్వానికి ధర్మకర్త హోదాలో మాత్రమే సంక్రమిస్తాయన్న సిద్ధాంతానికి అమెరికాలో ప్రసిద్ధమైన ఆధారం 1892 నాటి ఇల్లినాయ్ సెంట్రల్ రైల్‌రోడ్ కేసు. షికాగో తీరంలో మిషిగన్ సరస్సు అడుగున ఉన్న వేయికి పైగా ఎకరాలను 1869లో రాష్ట్ర శాసనసభ రైల్వే సంస్థకు ఇచ్చి, 1873లో ఆ చట్టాన్ని వెనుకకు తీసుకొన్నది. అటువంటి దానం చెల్లదని, వెనుకకు తీసుకోవడం సక్రమమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బియాస్ నదీ తీరంలోని అటవీ భూమి కౌలు విషయమై ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో భారత సుప్రీంకోర్టు ఈ అమెరికా తీర్పును చర్చించి, ప్రజా ధర్మకర్తృత్వ సిద్ధాంతం మన దేశ చట్టంలో భాగమేనని ప్రకటించింది. నదులు, తీరాలు, జలాశయాల కేటాయింపులపై వ్యాజ్యాలలో ఈ తీర్పు తరచు ఉదహరించబడుతున్నది.

అధికారాల పంపిణీలో మాత్రం మన వ్యవస్థ న్యూయార్క్‌కు భిన్నమైనది. ప్రధాన ఓడరేవులు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలోను, ఇతర ఓడరేవులు ఉమ్మడి జాబితాలోను ఉన్నాయి. అందువలన విశాఖపట్నంలో ఓడరేవు కేంద్ర ప్రభుత్వ సంస్థ అధీనంలో ఉండగా, దాని పక్కనే ఉన్న వీధులు నగరపాలక సంస్థవి. నదులపై దాటుడు రేవులను స్థానిక సంస్థలు వేలం వేసే పద్ధతి కోస్తా జిల్లాలలో చిరకాలంగా ఉన్నది. ఈ ప్రాంతంలో దాటుడు రేవులకు సంబంధించిన మూల చట్టం 1890 నాటిది. వేలం పాడుకొన్నవారు రేవు హక్కు పొందుతారు. పడవ యోగ్యతను నిర్ధారించే అధికారం దానితో రాదు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో ఫెర్రీ వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవలు మునిగినప్పుడు, పడవకు అనుమతి ఇచ్చినది ఎవరు, ఒడ్డు నుండి కదలనిచ్చినది ఎవరు అన్న రెండు ప్రశ్నలూ వేర్వేరుగానే తలెత్తాయి. యాంత్రిక పడవల రిజిస్ట్రేషను, తనిఖీలకు సంబంధించి 1917 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021ని తెచ్చింది.